ఇద్దరు చూసిన పిట్ట

ఆవిడ పోయారన్న సంగతి నాకు సిటీ బస్సులో తెలిసింది.

విజయవాడ గవర్నర్‌పేటలో ఎక్కాను. ముందు సీట్లో కూర్చున్న ఒకమ్మాయి వెనక్కి తిరిగి, "మీరు తెలుగు టీచర్ గారు కదండీ? నేను మీ దగ్గర చదివానండి" అంది. పేరు చెప్పింది కానీ నాకు గుర్తు రాలేదు. ఒళ్లో పిల్లాణ్ణి సర్దుకుంటూ ఆ మాటా ఈ మాటా మాట్లాడి, దిగబోతూ, "పిట్టల టీచర్ గారు పోయారంట కదండీ, పాపం. గుడివాడలో మా పిన్ని వాళ్లు సమాధుల తోట దాకా వెళ్లొచ్చారంట" అంది.

నేను "ఎప్పుడమ్మా?" అనేలోపు ఆ అమ్మాయి దిగిపోయింది. నేను దిగాల్సిన చోట దిగలేదు. చివరి స్టాపు దాకా వెళ్లి, కండక్టరు అడిగితే ఇంకో టికెట్టు తీసుకుని అదే బస్సులో వెనక్కి వచ్చాను. ఇంటికి వచ్చాక కూడా ఈ సంగతి చెప్పడానికి ఎవరున్నారా అని ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. ఆవిడ గురించి తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ వాళ్లకి తెలిసింది వేరు.

ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. ఎప్పుడు పుట్టారో, ఎందుకు పెళ్లి చేసుకోలేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాకు తెలిసినవి కొన్ని శీతాకాలాలు. అవి కూడా పూర్తిగా కాదు. ఒక తుఫాను వెళ్లిపోయి ఇంకోటి రాకముందు మధ్యలో దొరికే ఎండ రోజులు మాత్రమే.

మా ఆడపిల్లల హైస్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల నూలు చీర, మోచేతుల దాకా జాకెట్టు, ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. చీర కింద కాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఆ బూట్ల గురించి పిల్లలు నవ్వుకునేవాళ్లు. భవానీపురంలో కృష్ణ ఒడ్డుకి దగ్గరగా ఒక చిన్న పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. తెల్లవారగానే ఇసుక తిన్నెల మీదికి వెళ్లి, మెడలోని దుర్భిణితో ఏటి మధ్యకి చూస్తూ నిలబడేవారు. అక్కడ స్నానాలకి వచ్చే మగవాళ్లు మొదట్లో గొడవ చేశారట. "మీరెవరూ నాకు అక్కర్లేదు నాయనా, కాస్త పక్కకి తప్పుకోండి, మీ వెనక కొంగ ఉంది" అన్నారట ఆవిడ. అప్పట్నుంచి వాళ్లే తప్పుకునేవాళ్లు.

బళ్లో పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు పిట్టలదొరసాని. ఖాకీ లాగూ, తలమీద టోపీ, చేతిలో చెక్క తుపాకీతో వీధుల్లోకి వచ్చి కోతలు కోసే పిట్టలదొరని చూడని పిల్లలు అప్పట్లో లేరు. ఆవిడకి ఆ పేరు తెలుసు. ఒకసారి నల్లబల్ల మీద ఎవరో రాసి ఉంచితే తుడవకుండా పక్కనే పాఠం రాశారట. "పిట్టలదొర అన్నీ చూశానంటాడు. నేను అననుగా. పేరు తప్పు పెట్టారర్రా" అన్నారట.

అది నిజం. చూశానని అనడానికి ఆవిడంత భయపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నేను ఆ బళ్లో తెలుగు పండితురాలిగా చేరిన మొదటి ఏడాది, చలికాలం మొదట్లో, స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా విప్పుతుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, నీ కళ్లెలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయండీ."

"ఆ గోడమీద క్యాలెండరు చూడు. అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరుంటుంది. చదువు."

కూర్చున్న చోటునుంచే చదివాను. ఆవిడ తల ఊపి, "సరే. జెండా దింపగానే చెప్తాను, తయారుగా ఉండు" అన్నారు.

"ఏ జెండా అండీ?"

"బందరు రేవుది."

పక్కన లెక్కల టీచరు పకపకా నవ్వింది. "అయిపోయావమ్మా నువ్వు. ఈ పరీక్ష మా అందరికీ పెట్టారు. నేనైతే కావాలనే తప్పు చదివాను. ఆ బురదలో ఎవరు తిరుగుతారు తల్లీ!"

"నువ్వు కావాలని తప్పు చదివావని నాకు తెలుసులే" అన్నారు ఆవిడ. "కళ్లుండీ చూడనివాళ్లు నాకు పనికిరారు. అందుకే ఊరుకున్నా."

సముద్రంలో వాయుగుండం పడితే బందరు రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఫలానా నంబరు హెచ్చరిక అని రేడియోలో ప్రాంతీయ వార్తల్లో చెప్తారు. అందరూ అది ఎప్పుడు ఎగరేస్తారా అని వింటే, ఆవిడ ఎప్పుడు దింపుతారా అని వినేవారు. దింపారన్న మర్నాడు మేం బందరు బస్సులో ఉండేవాళ్లం. నాలుగోసారో ఐదోసారో మా హెడ్‌మిస్ట్రెస్ గారు సెలవు చీటీ చూసి, "తుఫాను వెలిసిందంటే చాలు, మీ ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తుందేవిటండీ?" అన్నారు. చీటీ మీద మాత్రం సంతకం పెట్టారు.

ఆదివారమైతే గొడవ ఇంకో వైపునుంచి వచ్చేది. "ప్రభువు దినాన గుడికి రాకుండా పిట్టల దగ్గరికా టీచరమ్మా?" అని వాళ్ల పాస్టరు గారు ఒకసారి బస్టాండులోనే పట్టుకున్నారు. "సోమవారం దాకా ఆగమని ఆ వాయుగుండానికి చెప్పండి అయ్యగారూ, తప్పకుండా వస్తాను" అన్నారు ఆవిడ. ఆయన నవ్వేసి మా చేతికి రెండు అరటిపళ్లు ఇచ్చి వెళ్లిపోయారు.

ఉయ్యూరు దాటాక రోడ్డుకి రెండు వైపులా తుఫాను చేసిన పని కనపడేది. పడుకున్న వరి, నీళ్లలో తేలే పనలు, దళ్లమీద ఎండబెట్టిన బట్టలు. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉండేవారు. బందరులో దిగి రిక్షా ఎక్కితే రిక్షావాడు తప్పకుండా అనేవాడు, "ఎల్లుండి మళ్లీ ఇంకో గుండం వత్తాదంటన్నారు కదమ్మా, ఇప్పుడెందుకు అటు?"

"అందుకే ఇవాళ" అనేవారు.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట చేపలు పట్టేవాళ్ల పల్లె ఒకటి ఉంది. దాని అవతల ఆటుకి బయటపడే బురద మేటలు. అక్కడ బూట్లు విప్పి, తాళ్లు ముడేసి భుజాన వేసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగేవారు. తుఫాను సముద్రాన్ని తిరగేస్తుందని, అడుగునున్న పురుగూ పుట్రా అంతా పైకి వస్తుందని, ఎక్కడో మంచు దేశాలనుంచి వచ్చిన పిట్టలకి అది విందు భోజనమని ఆవిడ చెప్పారు. ఆ విందు రెండు రోజులే. తర్వాత మళ్లీ మబ్బు పట్టేది.

మొదటిసారి దుర్భిణి నా చేతికివ్వకుండా నా మెడలో వేశారు. "ముందు మెడలో వేసుకో. తర్వాత చూడు. చేత్తో పట్టుకుని చూసేవాళ్లు పిట్ట ఎగిరితే దీన్ని వదిలేస్తారు." దుర్భిణికి కుడి గొట్టంలో బూజు పట్టి ఏమీ కనపడేది కాదు. ఎడమ దాంతోనే చూడాలి. దాన్ని వాళ్ల నాన్నగారికి ఒక దొరగారు తన దేశం వెళ్లిపోతూ ఇచ్చారట.

చూశాను. బురదంతా కదులుతోంది. వేల పిట్టలు.

"ఏం చూశావ్?"

నేను తెలుగు పండితురాలిని. "వెండి పూలు చల్లినట్టుందండీ" అన్నాను.

"పూలెక్కడున్నాయి ఇక్కడ?" అన్నారు ఆవిడ, నిజంగానే అర్థం కానట్టు. "మళ్లీ చూడు. ఒక్కదాన్నే చూడు."

చూశాను. "చిన్న పిట్టండీ. పైన బూడిదరంగు, కింద తెలుపు. కాళ్లు నల్లగా ఉన్నాయి. పరిగెత్తుతోంది, ఆగుతోంది, పొడుస్తోంది."

"ఊఁ. ఇప్పుడు చూశావు."

"దాని పేరేవిటండీ?"

"పేరు తర్వాత. మన వాళ్లకి ఇవన్నీ ఉల్లంకులే. పేరు తెలిస్తే ఇక చూడవు."

ఆ తర్వాత నేను రాసిన వాక్యాల్లోంచి చాలా పూలు పోయాయి. మంచో చెడో నాకు తెలియదు.

వేలుతో చూపించేవారు కాదు. గడ్డంతో చూపించేవారు. "ఆ విరిగిన పడవ తెడ్డు ఉంది చూడు, దాని ఎడమకి జానెడు" అనేవారు. ఆ జానెడు మైలు దూరంలో ఉండేది. అన్నం తినే ముందు ప్రార్థన చేసేవారు కానీ కళ్లు తెరిచే చేసేవారు. నేను ఆ మాట అంటే, "మూస్తే ఆలోపు ఎగిరిపోతాయి. ఆయనేం అనుకోడులే" అన్నారు.

పల్లెలో ఒక చేపలమ్మి ఉండేది. లావుపాటి మనిషి, గొంతు పెద్దది. మేం కట్టమీద కనపడగానే, "వచ్చారే పిట్టలమ్మగార్లు! ఏమ్మా, దూరంనించి సూసేదేటి? మా ఆయనకి సెప్తే వలేసి జతలు జతలు తెస్తాడు, ఇగురెట్టుకు తినండి" అని అరిచేది. నేను బాధపడతారేమోనని ఆవిడ వైపు చూస్తే, "మా ఇంట్లోనూ చేసేవాళ్లు ఇగురు. బావుంటాయి. ఎముకలెక్కువ" అన్నారు మామూలుగా. చేపలమ్మికి ఆ జవాబు నచ్చి, అప్పట్నుంచి మాకు కూర్చోడానికి పీట తెచ్చి ఇచ్చేది. తిట్టడం మాత్రం మానలేదు. "ఇంత సదువుకుని పెళ్లీ పెడాకులూ లేకుండా ఈ బురదలో ఏటమ్మా నీ బతుకు?" అంటే, ఆవిడ దుర్భిణి కంటినుంచి తియ్యకుండానే, "నీ మొగుడు తాగొచ్చి కొడతాడని పోయినసారి చెప్పావుగా. నాకా బాధ లేదు" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆవిడ రెండో మనిషి కోసం ఎందుకంత వెతికారో నాకు రెండో ఏడాది తెలిసింది.

కట్టమీద కూర్చుని ఇడ్లీలు తింటున్నాం. నేను ఒక్కదాన్నే ఎర్రకాళ్ల పిట్టని చూసి, ఆవిడ తిరిగేలోపు అది ఎగిరిపోతే, "ఇవాళ్టి లెక్కలో అది కూడా వేసుకోండి" అన్నాను.

"ఎలా వేస్తాం? నువ్వొక్కదానివే కదా చూసింది."

వాళ్ల నాన్నగారు ఆ ప్రాంతంలోనే పాస్టరు. పల్లెపల్లెకీ నడిచి వెళ్లి ఆరాధన చేసేవారు. తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి కూతుర్ని వెంట తీసుకెళ్లేవారు. "చిన్నప్పుడు నేను అన్నీ చూశాననేదాన్ని" అన్నారు ఆవిడ. "బందరు సముద్రం ఒడ్డున నెమలిని చూశానని కూడా అన్నాను. ఆయన తిట్టలేదు. ఇద్దరం చూస్తేనే చూసినట్టు అన్నారు. నాకొక్కదానికే కాదు, ఆయనకీ అదే రూలు. ఒక్కరే వెళ్లి ఏదైనా చూసొస్తే ఇంట్లో నోరు విప్పేవారు కాదు. అడిగినా చెప్పేవారు కాదు. రేపు వెళ్దాం, ఇద్దరం చూద్దాం అనేవారు."

దొరగారు దుర్భిణితో పాటు ఒక పక్షుల పుస్తకం కూడా వదిలేసి వెళ్లారు. అందులో ఒక బొమ్మ. పిచ్చుకంత ఉల్లంకి. ముక్కు చివర మాత్రం చిన్న తెడ్డులా వెడల్పుగా ఉంటుంది. చాలా అరుదు. ఈ తీరానికి వస్తుందని రాసి ఉంది. ఆయన బతికినన్నాళ్లూ ప్రతి చలికాలం ఆ వేల పిట్టల్లో ఆ ఒక్క ముక్కు కోసం వెతికారు. దొరకలేదు.

"ఆయన పోయిన నెలలోనే తుఫాను వచ్చింది. వెలిశాక వచ్చాను, ఒక్కదాన్నే. అదిగో, ఆ మలుపు దగ్గర. తల అటూ ఇటూ ఊపుతూ బురదని కెలుకుతోంది. మిగతావి పొడుస్తున్నాయి, ఇదొక్కటే ఊపుతోంది. ముందు ముక్కుకి బురద అంటుకుందనుకున్నా. నీళ్లలో ముంచింది. కడుక్కుంది. అయినా అలాగే ఉంది."

"అయితే మీరు చూశారండీ!" అన్నాను.

"ఒక్కదాన్నే."

"మీరు అబద్ధం చెప్పరు కదండీ."

"చెప్పనని నీకు నమ్మకం. నాకెలా నమ్మకం?" ఆవిడ ఇడ్లీ పొట్లం కట్టిన ఆకుని మడిచి సంచిలో పెట్టుకున్నారు. "అప్పుడు నేను ఏడుస్తున్నానమ్మాయ్. ఈ గాజులోంచి చూస్తే నీళ్లలోంచి చూసినట్టుంది అంతా. ఆయన జన్మంతా వెతికిన పిట్ట ఆయన పోయిన నెలలో నాకు కనపడిందంటే, ఇంకొకరెవరైనా చెప్తే నేను నమ్ముతానా? నెమలిని చూసిన పిల్లనే కదా."

అదీ ఆవిడ వెతుకులాట. అరుదైన పిట్టని పట్టుకోవాలన్న యావ కాదు. ఆ రోజు తన కళ్లు నిజం చెప్పాయో లేదో తెలుసుకోవాలి. దానికి పిట్ట మళ్లీ రావాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

అలా కొన్నేళ్లు వెళ్లాం. రాలేదు.

ఒక ఏడాది వచ్చింది. వచ్చిందనుకుంటాను.

రెండు వాయుగుండాల మధ్య ఒక్క రోజే ఎండ. మధ్యాహ్నానికే దక్షిణాన మళ్లీ మబ్బు కడుతోంది. పోటు మొదలై నీళ్లు బురదమీదికి పాకుతున్నాయి. పిట్టలన్నీ మా వైపు జరుగుతున్నాయి. ఆవిడ దుర్భిణి పెట్టుకుని చాలాసేపు కదలలేదు. తర్వాత మెల్లిగా, మాటకి బరువే లేనట్టు, "అమ్మాయ్, రా" అన్నారు. దుర్భిణి తీసి నా మెడలో వేశారు. అంత తొందరలోనూ మెడలోనే వేశారు. "పీతల బుట్టకి కుడివైపు. మూడో పిట్ట."

పీతల బుట్ట దొరికింది. కుడివైపు ఒకటి, రెండు. మూడోది తల వంచుకుని ఉంది. తల అటూ ఇటూ ఊపుతోంది. మూతి నీళ్లలో ఉంది. తల ఎత్తుతుందని ఆగాను. ఎత్తలేదు. ఎక్కడినుంచో డేగ నీడ పడ్డట్టుంది, వేల పిట్టలూ ఒక్కసారి లేచిపోయాయి. సముద్రం మీద ఒక్క చుట్టు తిరిగి దక్షిణానికి పోయాయి.

దుర్భిణి దించాను. ఆవిడ నా మొహంలోకి చూస్తున్నారు.

"ఏం చూశావ్?"

ఆ ప్రశ్న ఆవిడ అన్నిసార్లూ ఒకేలా అడిగేవారు. అప్పుడు మాత్రం గొంతు వేరుగా ఉంది. నేను ఏం చెప్తే ఆవిడకి ఇన్నేళ్ల భారం దిగుతుందో నాకు తెలుసు. ఒక్క మాట.

"చిన్న పిట్టండీ. తల ఊపుతోంది. ముక్కు చూళ్లేదు. నీళ్లలో ఉంది."

"సరే" అన్నారు. బూట్లు భుజాన వేసుకుని కట్ట వైపు నడిచారు. వాన మొదలైంది. గొడుగు విప్పి సగం నా మీదికి పట్టారు.

తిరుగు బస్సు పామర్రులో ఆగింది. వేయించిన వేరుశెనక్కాయలు కొని పొట్లం నా ఒళ్లో పెట్టారు. "నువ్వు చూశానంటావేమోనని భయపడ్డాను" అన్నారు. "నా మొహం చూసి జాలిపడి అంటావేమోనని. అంటే నేను నమ్మేసేదాన్ని. అప్పుడిక ఏదీ మిగిలేది కాదు." తర్వాత వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ విజయవాడ దాకా వచ్చాం. నేను ఆవిడకి స్నేహితురాలినైంది ఆ రోజే అనుకుంటాను.

తర్వాత ఉప్పెన వచ్చింది. దాని గురించి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఏడాది ఆవిడ గుడివాళ్లతో కలిసి బట్టలూ బియ్యం మూటలూ వేసుకుని లారీలో వెళ్లారు. చాలా రోజులకి తిరిగొచ్చారు. స్టాఫ్ రూములో అందరూ చుట్టూ చేరి అడిగితే, "మంచినీళ్ల బావులన్నీ ఉప్పగా అయిపోయాయి" అన్నారు. నేను పిట్టల మాట ఎత్తలేదు. ఆవిడే ఒకసారి అన్నారు, "ఈ ఏడాది ఆ బురదలోకి దుర్భిణి పెట్టి చూడలేనమ్మాయ్. ఏం కనపడుతుందోనని."

మరుసటి చలికాలం వెళ్లాం. అదే చివరిసారి. పల్లె కాస్త వెనక్కి జరిగింది. కొత్త గుడిసెలు, కొత్త తాటాకులు. కట్టమీద నడుస్తుంటే ఆవిడ మాటిమాటికీ పల్లె వైపు చూశారు. ఎవరూ అరవలేదు. పీట తెచ్చి ఎవరూ వెయ్యలేదు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని అడగబోయి, ఆ చేపలమ్మి పేరు మాకిద్దరికీ తెలియదని అప్పుడు గ్రహించాం. "లావుగా ఉండేది, పెద్ద గొంతు" అని మాత్రం చెప్పారు ఆవిడ. ఆయన తల ఎత్తకుండా, "లేదమ్మా" అన్నాడు.

ఆ రోజు ఎండ బాగా ఉంది. పిట్టలు ఎప్పటిలాగే వచ్చాయి. ఆవిడ దుర్భిణి పెట్టుకుని చూసి, తీసి, కొంగుతో గాజు తుడిచి మళ్లీ చూశారు.

"మంచు దిగిందా అమ్మాయ్?"

"లేదండీ. ఎండగా ఉంది."

"ఊఁ." దుర్భిణి తీసి నా మెడలో వేశారు. "నువ్వు చూసి చెప్పు."

చెప్పాను. సాయంత్రం దాకా ఒక్కొక్క పిట్టా చెప్పాను. రంగు, కాళ్లు, నడక. ఆవిడ కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు దుర్భిణి తియ్యబోతే, "ఉంచు" అన్నారు.

రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషన్ చేశారు కానీ తర్వాత వచ్చిన మందపాటి అద్దాలతో ఎదుటి మనిషి మొహం వరకే కనపడేది. రిటైరై, భవానీపురం ఇల్లు ఖాళీ చేసి, గుడివాడలో అక్క కూతురి దగ్గరికి వెళ్లారు. ఎండాకాలం సెలవుల్లో చూడ్డానికి వెళ్లాను. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన రేడియో.

"వాయుగుండాలేమైనా ఉన్నాయా?"

"లేవండీ. ఎండాకాలం కదా."

"అవునులే" అన్నారు. రేడియో తగ్గించి, "ఆ రోజు నువ్వు ముక్కు చూళ్లేదు కదూ?" అన్నారు.

"చూళ్లేదండీ."

"సరే, సరే. ఊరికే అడిగాను." నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. మళ్లీ ఆవిడని చూడలేదు.

బస్సులో కబురు తెలిసిన తర్వాత మొదటి తుఫాను ఈ మధ్యనే వెలిసింది. రేడియోలో జెండా దింపారన్నారు. సెలవు చీటీ రాసి బందరు బస్సెక్కాను. పక్క సీట్లో ఎవరో నిద్రపోయారు. రిక్షావాడు ఎందుకని అడగలేదు.

కట్టమీద కూర్చుని పొద్దుటినుంచీ చూశాను. వేల పిట్టలు. ఒక్కదాన్నే కాబట్టి ఏదీ చూసినట్టు కాదనుకుంటూ చూశాను. ఆటు పోయి, పోటు మొదలవుతున్నప్పుడు, మలుపు దగ్గర ఒక పిట్ట తల అటూ ఇటూ ఊపుతూ కనపడింది. చాలా దూరం. ముక్కు తెలియడం లేదు. నా కళ్లు ఇప్పుడు క్యాలెండరు అడుగున అక్షరాలు చదివే కళ్లు కావు.

కొంచెం దూరంలో ఒకామె బురదలో చేతులు పెట్టి గుల్లలు ఏరుకుంటోంది. ముప్పై ఏళ్లుండొచ్చు. "అమ్మా, ఒక్కసారి ఇలా వస్తావా?" అన్నాను.

చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. "ఏటండీ?"

దుర్భిణి తీసి ఆమె మెడలో వేశాను. "ఎడమ కంటితో చూడు. ఆ గెడ పాతి ఉంది చూడు, దాని పక్కన. తల ఊపుతోంది చూడు, అది. ఏం కనపడుతోందో చెప్పు."

"ఉల్లంకండి. ఊరంతా ఉన్నయ్యి కదా."

"ఉల్లంకే. ఎలా ఉందో చెప్పు."

ఇంకేం అడగలేదు. ముక్కు అన్న మాట అనకుండా పళ్లు బిగబట్టాను. ఆమె దుర్భిణిని అటూ ఇటూ తిప్పింది, ఒక కన్ను మూసింది, నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది.

"అయ్యో, దెబ్బ తగిలిందండీ దానికి, పాపం."

"ఎక్కడ?"

"మూతికండి. కొస సితికిపోయినాది. పలకగా అయిపోయినాది, ఎవరో రాయెట్టి కొట్టినట్టు. తిండెలా తింటదో ఏటో." మళ్లీ చూసింది. "తింటందిలెండి. బానే తింటంది."

తీసి నాకిచ్చింది. మెడలో వేసుకుని కంటికి పెట్టుకున్నాను. గెడ దొరికింది. దాని పక్కన నీళ్లు మాత్రమే ఉన్నాయి. చాలాసేపు వెతికాను. పిట్టలన్నీ పొడుస్తున్నాయి. ఏదీ తల ఊపడం లేదు.

"దొరికిందాండీ?"

"లేదమ్మా. వెళ్లిపోయింది."

ఆమె మొహం చిన్నబోయింది. తప్పు తనదే అన్నట్టు, "అయితే మీరు సూడనే లేదా? నేనొక్కదాన్నే సూసేనా?" అంది.

"లేదమ్మా" అన్నాను. "నీకంటే ముందు ఒకావిడ చూశారు."